వడారి అనే ఒక వరుస: జనగణన పట్టికల వెనక మన మాటల పేర్లు

2011 జనగణన భాషల పట్టిక తీసి తెలుగు దగ్గర ఆగండి. దాని కింద మూడే వరుసలుంటాయి. మొదటిది తెలుగు, 8,09,12,459 మంది. రెండోది వడారి, 1,98,020 మంది. మూడోది ఇతరాలు, 17,261 మంది. మూడూ కలిపితే 8,11,27,740. పేపర్లలో వచ్చేదీ, సభల్లో చెప్పుకునేదీ ఆ చివరి అంకె ఒక్కటే. హోసూరు తెలుగు, బళ్ళారి తెలుగు, బరంపురం తెలుగు, షోలాపూర్ పద్మశాలీల తెలుగు, యానాం తెలుగు, వీటిలో దేనికీ విడిగా వరుస లేదు. మరి వడారి ఒక్కటే ఎట్లా విడిగా నిలబడింది? ఇతరాల్లో ఉన్న ఆ పదిహేడు వేల మంది తమ మాటకి ఏం పేరు చెప్పుకున్నారు?

పట్టిక ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. దాని వెనకున్న కాగితాలు చూడాలి. అడిగిన ప్రశ్న ఏంటి, లెక్కలు రాసేవాళ్ళకి ఇచ్చిన సూచనలేంటి, జనం చెప్పిన పేర్లని ఏ పద్దు కింద కలిపారు, ఎంతమంది ఉంటే విడిగా అచ్చేశారు, జిల్లా హద్దులు అప్పుడెక్కడున్నాయి. ఈ సమాచారం మొత్తాన్ని గణాంక శాఖల్లో మెటాడేటా అంటారు. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే, కరణంగారి అడంగల్లో లోపలి అంకెలు కాదు, గడుల మీద రాసిన శీర్షికలు. శీర్షికలున్న పేజీ చిరిగిపోయిందంటే లోపలి అంకెలు ఉన్నా లేనట్టే. అవి ఎకరాలో, సెంట్లో, శిస్తు రూపాయలో ఎవరు చెప్పాలి?

బయటి రాష్ట్రాల్లో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళ చరిత్ర రాయాలంటే జనగణన లెక్కలు లేకుండా కుదరదు. అందుకే ఆ లెక్కల శీర్షికల కథ ఒకసారి చెప్పుకుందాం.

ప్రశ్న మారితే జవాబు మారుతుంది

భాష గురించిన ప్రశ్న 1881 నుంచీ ఉంది. కానీ ప్రతిసారీ ఒకే ప్రశ్న కాదు. 1881లో అడిగింది మాతృభాష. 1891లో కన్నవాళ్ళ భాష. 1901, 1911, 1921లో మాత్రం మనిషి మామూలుగా వాడే భాష. 1931లో మళ్ళీ మాతృభాషకి వచ్చారు, దాంతోపాటు వచ్చిన ఇతర భాషలు కూడా రాసుకున్నారు. 1941లో యుద్ధం వల్ల భాషల పట్టికలు తయారు కాలేదు. 1951లో ఉయ్యాలనాటి నుంచి మాట్లాడిన భాష. 1961 నుంచి, చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. కొద్ది మార్పులతో ఇదే 2011 దాకా వచ్చింది.

ఇప్పుడు కోవిల్‌పట్టి వైపు ఒక తెలుగు ఇల్లు ఊహించుకోండి. అమ్మ, నాయన, అవ్వ తెలుగులో మాట్లాడుకుంటారు. పొలం దగ్గర, సంతలో, బడిలో అరవం. ఆ ఇంటి కుర్రాణ్ణి కన్నవాళ్ళ భాష ఏదని అడిగితే తెలుగు అంటాడు. మామూలుగా నువ్వు వాడే భాష ఏదంటే తమిళం అనొచ్చు. మనిషీ మారలేదు, మాటా మారలేదు. మారింది ప్రశ్న. కాబట్టి 1891 అంకెనీ 1921 అంకెనీ పక్కపక్కన పెట్టి, ఫలానా జిల్లాలో తెలుగు తగ్గిపోయిందని గానీ పెరిగిపోయిందని గానీ రాసేముందు, అడిగిన ప్రశ్న ఒకటేనా అని చూసుకోవాలి. రెండు భాషల మధ్య బతికే మనలాంటి కుటుంబాల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. గుంటూరు జిల్లా పల్లెలో రెండు ప్రశ్నలకీ దాదాపు ఒకటే జవాబు వస్తుంది. తేడా కనిపించేది మన దగ్గరే.

ఏడు పేర్లు ఎక్కడివి

వడారి అనే పేరు పట్టికలోకి ఊరికే రాలేదు. గ్రియర్సన్ నడిపించిన భారతీయ భాషల సర్వే నాలుగో సంపుటం 1906లో వచ్చింది. ముండా, ద్రావిడ భాషల సంపుటం అది. తయారు చేసినవాడు నార్వే పండితుడు స్టెన్ కోనో. అందులో తెలుగు మాండలికాల కింద ఏడు పేర్లు కనిపిస్తాయి: కోమటావు, సాలెవారి, గొల్లరి, బేరడి, వడారి, కామాఠి, దాసరి.

ఈ జాబితా చూడగానే ఒక అనుమానం రావాలి. గోదావరి జిల్లాల మాట ఏది? నెల్లూరు ఏది? రాయలసీమ, తెలంగాణ ఏవి? అవి లేకపోవడానికి కారణం భాష కాదు, సర్వే హద్దు. మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్, మైసూరు సంస్థానాలు ఆ సర్వేలో చేరలేదు. అంటే తెలుగు నడిబొడ్డు మొత్తం బయటే ఉండిపోయింది. సర్వే చేతికి దొరికింది బొంబాయి ప్రెసిడెన్సీ, మధ్య పరగణాల వైపున్న తెలుగు మాత్రమే. చాందా జిల్లా కోమట్లు, సాలెలు, బెళగావి వైపు బేరడులు, దాసర్లు, ఊరూరా తిరిగే వడ్డెరలు, బొంబాయిలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళిన కామాఠీలు. బొంబాయి కామాఠిపురాకి పేరొచ్చింది వాళ్ళ వల్లే.

మన చరిత్రలో ఇదొక విడ్డూరం. మామూలుగా నడిబొడ్డు భాష గురించి రాసి, అంచుల్ని వదిలేస్తారు. ఇక్కడ తిరగబడింది. అంచుల మాటలే నమూనాలతో సహా అచ్చయ్యాయి. కానీ సర్వే హద్దు గురించి తెలియని మనిషి ఆ పుస్తకం తెరిస్తే, తెలుగులో మాండలికాలంటే ఈ ఏడే కాబోలు అనుకుంటాడు. ఎందుకు ఏడో చెప్పే మాట ఒక్కటి తెలిస్తే చాలు, పుస్తకం అర్థమే మారిపోతుంది.

ఇంకో సంగతి. ఆ పేర్లు దాదాపు అన్నీ కులాల పేర్లు, పనుల పేర్లు. జిల్లా అధికారులు తమ ఇలాకాలో వినిపించే భాషల పేర్లు జాబితాలుగా రాసి పంపారు. చుట్టుపక్కల జనం వాళ్ళని ఏమని పిలిస్తే వాళ్ళ మాటకీ ఆ పేరే పడింది. వడ్డెర అని తెలుగులో, వడ్డర, భోవి అని కన్నడంలో, ఒట్టర్ అని తమిళంలో, వడార్ అని మరాఠీలో పిలిచే రాతిపని, మట్టిపని వాళ్ళ మాట వడారి అయింది. పట్టికలో పేరు ఉందంటే ఎవరో ఒకరు పెట్టారని అర్థం. మాట్లాడేవాళ్ళే పెట్టుకున్నారా, పక్కవాళ్ళు పెట్టారా అన్నది విడిగా రాసుకోవలసిన సంగతి.

వచ్చిన పేర్లు ఏమయ్యాయి

స్వతంత్రం వచ్చాక భాషల విషయంలో పెద్ద పని జరిగింది 1961లో. అశోక్ మిత్ర రిజిస్ట్రార్ జనరల్‌గా ఉన్న కాలం అది. జనం చెప్పిన మాతృభాషల పేర్లని గ్రియర్సన్ వర్గీకరణ ఆధారంగా సర్ది, 1,652 పేర్లతో జాబితా వేశారు. మాట్లాడేవాళ్ళు చాలా కొద్దిమందే ఉన్న పేర్లు కూడా అందులో కనిపిస్తాయి. ఆ తర్వాత ఆర్.సి. నిగమ్ జనగణన మాతృభాషల మీద ఒక చేతిపుస్తకం తయారు చేశారు. ఏ పేరు ఏ భాష కిందకి ఎందుకు వెళ్ళిందో చెప్పే పుస్తకం. ఇంతకుముందు అనుకున్న శీర్షికల పేజీ అంటే ఇలాంటిదే.

1971 నుంచి పద్ధతి మారింది. దేశం మొత్తం మీద పదివేల మంది కూడా లేని పేర్లని విడిగా అచ్చువేయడం మానేశారు. ఇప్పుడు 2011 లెక్కలు చూడండి. జనం చెప్పిన పేర్లు ఉన్నవి ఉన్నట్టు 19,569. స్పెల్లింగు తేడాలు, ఒకే మాటకి రెండు పేర్లు వగైరా సర్ది, 1,369 మాతృభాషలుగా తేల్చారు. ఎక్కడ చేర్చాలో తేలని 1,474 పేర్లని ఇతరాల్లో పెట్టారు. 1,369లో పదివేలు దాటినవి 270. వాటిని కలిపితే చివరికి 121 భాషలు. పత్తిగింజలు తీసి, ఏకి, వడికి, నేసి బట్ట చేసినట్టు, పంతొమ్మిది వేల పేర్ల నుంచి నూటిరవై ఒకటి వచ్చాయి. బట్ట కావాలి, కాదనడం లేదు. పంతొమ్మిది వేల పేర్లతో పట్టిక వేస్తే ఎవరికీ పనికిరాదు. కానీ ఏ గింజ ఎక్కడ పడిందో రాసిపెట్టకపోతే వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది.

వడారి విడిగా నిలబడింది పదివేల గీత దాటినందుకే. కామాఠి, గొల్లరి, దాసరి ఇప్పటి పట్టికలో పేరుతో కనిపించవు. దాని అర్థం ఆ మాటలు చచ్చిపోయాయని కాదు. వాళ్ళు తెలుగు అని చెప్పి ఉండొచ్చు, సర్దుబాటులో తెలుగులో కలిసి ఉండొచ్చు, గీత దాటక ఇతరాల్లో పడి ఉండొచ్చు. మూడింటికీ పట్టికలో ఒకటే రూపం: పేరు లేకపోవడం. మాండలికం అంతరించిందని రాయడానికి ఈ పట్టిక ఒక్కటే సాక్ష్యం కాదు.

పెరగడమూ అంతే. 2001లో వడారి 1,71,725. పదేళ్ళలో 26,295 పెరిగింది, అంటే సుమారు 15 శాతం. మొత్తం తెలుగు పద్దు అదే పదేళ్ళలో 7,40,02,856 నుంచి 9.6 శాతం పెరిగింది. వడారి ఇళ్ళలో పిల్లలు ఎక్కువ పుట్టారా? ఇదివరకు తెలుగు అనో కన్నడం అనో చెప్పినవాళ్ళు ఈసారి ధైర్యంగా వడారి అన్నారా? అంకె రెండింటికీ సరిపోతుంది. ఏది నిజమో అంకె చెప్పదు.

ఒక పేరు, రెండు మాటలు

తమిళంలో వడుగు అంటే ఉత్తరాది, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళ మాట అంటే తెలుగు. పాతకాలం పోర్చుగీసు పాద్రీలు బడగలు అని రాసింది నాయక రాజుల వైపు తెలుగు సైనికుల గురించే. అదే మాటకి కన్నడ రూపం బడగ. నీలగిరి కొండల్లో బడగ అంటే వేరే జనం, వేరే మాట, జనగణనలో అది కన్నడం కింద ఉంటుంది. పాత కాగితంలో బడగ అని కనిపిస్తే, ఏ కాలం, ఏ ఊరు, రాసినవాడు ఎవరు, ఇవి తెలియకుండా ఏ పద్దులో వేస్తాం?

పద్దుల సంగతి మన ఒక్కరి గొడవ కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. మన ఊళ్ళలో అందరికీ తెలిసిన లంబాడీ మాట పట్టికలో హిందీ కింద ఉంది. ఎరుకల మాట తమిళం కింద ఉంది. ఉత్తరాంధ్రలో వినిపించే రెల్లి ఒడియా కింద ఉంది. తండాలో పెద్దమనిషిని మీది హిందీ అంటే నవ్వుతాడు. మన వడారిని తెలుగు కింద ఉంచడం సరే అనిపించేవాళ్ళం, లంబాడీ విషయంలో వాళ్ళ వైపు నుంచి కూడా ఆలోచించాలి. కలపడానికి భాషాశాస్త్ర కారణాలు ఉండొచ్చు. ఏ కారణంతో, ఏ సంవత్సరం, ఏ ఆధారంతో కలిపారో రాసి అందరికీ కనిపించేలా పెట్టడమే న్యాయం.

కదలని ఊరు, కదిలే జిల్లా

హోసూరు ఎక్కడికీ పోలేదు. కానీ 1961 లెక్కల్లో అది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. సేలం జిల్లాలో తెలుగు ఇంత తగ్గింది అని ఎవరైనా రాస్తే, తగ్గింది తెలుగా, జిల్లానా అని అడగాలి. రాయగడ 1992 దాకా కోరాపుట్‌లో భాగం. హొసపేట 2021 దాకా బళ్ళారి జిల్లా. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ.

యానాం సంగతి ఇంకో రకం. 1954 నవంబరులో ఫ్రెంచివాళ్ళ చేతి నుంచి వచ్చింది, చట్టప్రకారం విలీనం 1962లో. 2011లో జనాభా 55,626. చుట్టూ గోదావరి జిల్లా, పరిపాలన వందల మైళ్ళ దూరాన పుదుచ్చేరి. కేంద్రపాలిత ప్రాంతం స్థాయి పట్టికలో యానాం తెలుగూ, పుదుచ్చేరి పట్నంలో తమిళుల మధ్య బతికే తెలుగూ ఒకే అంకెలో కలిసిపోతాయి. రెండూ వేరు వేరు చరిత్రలు. జిల్లా స్థాయి పట్టిక తీస్తే తప్ప విడిపోవు.

ఈ వరుస మీద ఏం ఆధారపడి ఉంది

ఇదంతా పండితుల పేచీ అనుకోకండి. 1953లో బళ్ళారి తాలూకా ఎవరిదన్న తగాదాలో, జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా కమిషన్ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఎవరి భాషవాళ్ళు ఎంతమంది అన్నదే ముఖ్యమైన వాదన. చివరికి అది మైసూరుకి పోయింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దులో పటాస్కర్ సూత్రం గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుంది. ఆ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువ, ఊరు ఏ వైపుకి ఆనుకుని ఉంది అని చూశారు. 1960 ఏప్రిల్ 1న హద్దులు మారాయి. తిరుత్తణి వైపు అటు పోతే, సత్యవేడు వైపు ఇటు వచ్చింది.

హద్దులు గీశాక మిగిలినవాళ్ళకి రక్షణలు కూడా అంకెల మీదే నిలబడ్డాయి. ఒక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాషవాళ్ళు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వాళ్ళ భాషలోనూ వేయాలన్నది ఒక నియమం. బడిలో 40 మంది, లేదా తరగతిలో పదిమంది ఉంటే మాతృభాషలో ప్రాథమిక చదువు చెప్పించాలన్నది 1949 నాటి మాట. 1956లో రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణలు చేరాయి. ఇప్పుడు చూడండి: ఒక తాలూకాలో తెలుగు 14 శాతమా, 16 శాతమా అన్నది కొన్ని ఇళ్ళలో ఇచ్చిన జవాబు మీద, ఆ జవాబుని ఏ పద్దులో వేశారన్నదాని మీద ఆధారపడుతుంది. పక్కన విడిగా పడిన కొద్ది వందల మందిని కలిపితే ఒకలా, కలపకపోతే ఒకలా.

అందుకే ప్రపంచవ్యాప్తంగా గణాంక సంస్థలు దీన్ని పట్టించుకోక తప్పలేదు. లెక్కలు ఎక్కడి నుంచి, ఏ పద్ధతిలో వచ్చాయో చెప్పి తీరాలని 1994లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన మూలసూత్రాల్లో ఒకటి చెబుతుంది. 2001లో ఏడు అంతర్జాతీయ సంస్థలు కలిసి, అంకెలతోపాటు వాటి వివరణ కూడా ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి విడిపోకుండా వెళ్ళే ఎస్‌డిఎమ్‌ఎక్స్ అనే ప్రమాణం మొదలుపెట్టాయి. పెద్ద పేరు గానీ లోపలి ఉద్దేశం చిన్నదే: మూట మీద చీటీ ఊడిపోకూడదు.

మన వంతు

జనగణన శాఖ చెయ్యాల్సింది దానికుంది. మన చేతుల్లో ఉన్నదీ తక్కువేం కాదు.

మన మాటలు సేకరించే ప్రతి ఒక్కరూ మాటతోపాటు ఇవి కూడా రాయండి: ఊరు, తాలూకా, ఆ రోజుకి ఉన్న జిల్లా పేరు. చెప్పినవాళ్ళ వయసు, పుట్టిన ఊరు. ఇంట్లో ఇంకా ఏ భాషలు నడుస్తాయి. తమ మాటని వాళ్ళు ఏమంటారు, పక్కవాళ్ళు ఏమంటారు, ఈ రెండూ రెండు గడుల్లో. ఎవరు, ఏ సంవత్సరం రాసుకున్నారు. పేరు అచ్చేయడానికి వాళ్ళు ఒప్పుకున్నారా. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు చెప్పిన రూపాన్ని సరిదిద్దకండి. మీకు తోచిన సరైన రూపం ఉంటే పక్క గడిలో రాయండి. మొదటి గడి చెరిపేసి రాస్తే, మనమూ పంతొమ్మిది వేల పేర్లని నూటిరవై ఒకటి చేసినట్టే, అదీ దారి మిగల్చకుండా.

పాత అంకె ఏదైనా ఎత్తి రాసేటప్పుడు సంవత్సరం, పట్టిక, స్థాయి, ఆ ఏడు అడిగిన ప్రశ్న, ఈ నాలుగూ ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. కర్ణాటకలో తెలుగువాళ్ళు 35 లక్షలు అని ఊరుకోకుండా, 2011లో చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాష తెలుగు అని చెప్పినవాళ్ళు, వడారి కూడా కలిపి, 35 లక్షలకి పైగా అని రాస్తే ఒక వరుస పెరుగుతుంది, అంతే. పదేళ్ళ తర్వాత చదివేవాడికి అది చాలా ఉపయోగం.

ఇక వచ్చే జనగణన. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. మాతృభాష ప్రశ్న దగ్గర లెక్కలు రాసేవాళ్ళకి ఇదివరకటి సూచనల్లో ఒక మంచి మాట ఉంది. చెప్పిన పేరు చెప్పినట్టు రాయాలి, వాదించకూడదు, అది భాషా మాండలికమా అని వాళ్ళు తేల్చకూడదు. ఇంట్లో అందరిదీ ఒకే భాష అనుకోకూడదు. కాబట్టి నోరు తెరిచి చెప్పాల్సింది మనమే. అడిగేది చదువుకున్న భాష కాదు, బయట వాడే భాష కాదు, చిన్నప్పుడు అమ్మ మాట్లాడిన భాష. తెలుగు అనుకుంటే తెలుగు అనండి. మీ ఇంట్లో దానికి ఇంకో పేరుంటే, అదే మీ మాట అనుకుంటే, ఆ పేరే చెప్పండి. రెండూ తప్పు కాదు. ఎవరైనా చొరవతో మీ తరఫున ఆ రాష్ట్ర భాష రాసేస్తుంటే మాత్రం, ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఏం రాశారో చూడండి.

వడ్డెర పెద్దలు ఎవరో ఎక్కడెక్కడో మాది వడారి అని చెప్పబట్టే ఆ 1,98,020 అనే వరుస పట్టికలో ఉంది. చెప్పకపోతే ఆ మాట ఉండేది, ఆ వరుస ఉండేది కాదు.